చెత్త గుత్తయందలి లెక్క

నెల్లూరు పురపాలక సంఘము 1866వ సంవత్సరమున నేర్పడి, 2004లో నగరపాలక సంస్థ యయ్యెను. ఇంటింట నూడ్చిన చెత్తను బండ్ల కెత్తించి ఊరి వెలుపలికి జేర్చుట దాని విధులలో నొకటి. ఆ చెత్త చాల కాలముగా దొంతాలి చెంత దిబ్బగా బడుచు వచ్చెను. ఇట్టి పనులకు వ్యయమగునది మన పన్నుల సొమ్ము. అది గుత్తలలో నెట్లు దారి తప్పునో విద్యార్థులకు లెక్కల పాఠముగా దెలుపదలచితిమి.

టెండరు వేయువారిలో నొకరి ధర మరియొకరికి దెలియకుండుటయే దాని ప్రాణము. జర్మనీ దేశపు కొలోను నగరమున 1990 తరువాతి దశాబ్దమున చెత్తను గాల్చు కర్మాగారమును గట్టించినప్పుడు ఆ ప్రాణమే పోయెను. కట్టించినది నగరమునకు సగమునకు మించిన వాటా గల సంస్థ. గుత్త 79 కోట్ల 20 లక్షల మార్కులు. లంచము నూటికి మూడు వంతున కుదిరెను. గుణించినచో 2 కోట్ల 37 లక్షల 60 వేలు! కంచెయే చేను మేసినట్లు, సంస్థ నడుపువారే ఇందు జేరిరి. 2002లో గుట్టు బయటపడెను. లంచమును గుత్తదారుడు తన యింటినుండి తెచ్చి యియ్యడు, ధరలోనే కలుపును. కావున కనీస మంత సొమ్ము కట్టించినవారికి నష్టమని 2005లో నచ్చటి అత్యున్నత న్యాయస్థానము తలచెను. ఈ తర్కము మాకు మిక్కిలి నచ్చినది. మన దేశమున 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించి, లంచమిచ్చువానిని గూడ స్పష్టముగా నేరస్థునిగా జేసిరి.

రెండవ దారి తూకము. మన తీరమున కార్తికమాసపు వానలు మెండు. టన్నున కింత యని యొప్పుకొన్నచో వాననీటికి గూడ వెల యిచ్చుట యగును. మన్ను కలుపుటయు, ఒకే బండిని రెండుమారులు తూచుటయు గలదు. అందుచే ఖాళీ బండి తూకము, నిండు బండి తూకము, వేళ, తేదీ గల చీటీ ముఖ్యము. 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి తల్లిదండ్రులలో నెవరైనను ఆ చీటీల నకళ్లు గోరవచ్చును; ముప్పది దినములలో బదులీయవలెను. అడిగెడివారు లేనిచో, దిబ్బ యడుగున నీరింకకుండ బరువవలసిన పొరకు సొమ్ము చాలదందురు. నల్లని యూట నీరు పొరుగు బావులకు దిగును. ఆ నీటిని త్రాగువారికి గుత్త మాటయే తెలియదు.

పై తరగతులవారు చేయవలసిన లెక్క: పది టన్నుల చెత్తబండిలో మూడు టన్నులు వాననీరు. టన్నునకు 500 రూపాయలు. దినమునకు 40 బండ్లు. ముప్పది దినములలో నీటికై యిచ్చిన సొమ్మెంత?