ఆరోగ్యశ్రీ నేర్పిన పాఠాలు

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో కూరగాయలు, పూలు పండించి పట్నానికి పంపి బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్ద రోగం వస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఊరివాళ్లకు తోడుగా దవాఖానల చుట్టూ తిరిగి తెలుసుకున్నవి చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను.

1. బీమా భూమిని నిలబెడుతుంది. ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే అరెకరం అమ్మడమో, మిత్తికి తేవడమో. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు సర్కారు ఆరోగ్య బీమా అయిన ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ ఏడాది చివర్లో మా రంగారెడ్డి జిల్లాకూ వచ్చింది. పేదవాడు కార్పొరేట్ దవాఖాన మెట్లెక్కి ఆపరేషన్ చేయించుకుని అప్పు లేకుండా ఇంటికి రావడం చిన్న మార్పు కాదు.

2. పరిమితి పెరిగినంత మాత్రాన ఖర్చు తీరదు. 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ ఈ పథకాలు ముఖ్యంగా దవాఖానలో చేరినవారికే. నెలనెలా కొనే షుగర్, బీపీ గోలీల బిల్లు మనదే. గోలీలు మానేసినవాడే రేపు డయాలసిస్‌కు చేరతాడు.

3. కాగితాలు ముందే సరిచూసుకోవాలి. ఒకసారి నొప్పులతో ఉన్న ఓ కొత్త కోడల్ని దవాఖానకు తీసుకుపోతే, ఆమె పేరు ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు వేరు. దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర బల్ల ముందు ఆమె మామ చేతిలో జిరాక్స్ కాగితాలు పట్టుకుని ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. అటువంటి గంటలో కాగితం కోసం తిరగడం ఎవరికీ రాకూడదు.

4. సర్కారు బకాయి పడితే రోగికే దెబ్బ. 2025 సెప్టెంబరులో బిల్లులు రాలేదంటూ ప్రైవేటు దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. చెల్లింపుకు గడువు, ఆ గడువుకు కట్టుబాటు లేని బీమాను నమ్ముకోలేం.

5. బీమా కార్డు డాక్టరుకు ప్రత్యామ్నాయం కాదు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. అటువంటి వేళ ప్రాణం నిలిపేది దగ్గర్లోని దవాఖాన, అందులో సిద్ధంగా ఉన్న డాక్టరు, రక్తం, 108 బండి. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు మెడికల్ కాలేజీలున్నా సర్కారు దవాఖాన బలంగా ఉండాల్సిందే.

6. బీమా, ఊరి దవాఖాన జోడుగా నడవాలి. థాయిలాండ్ 2002లో అందరికీ వైద్య హక్కు చట్టం తెచ్చింది. అప్పటికే పల్లె స్థాయి దవాఖానలను నిలబెట్టుకుంది కాబట్టే ఆ హక్కు జనానికి అందింది. మనం ఆపరేషన్లకు డబ్బు కట్టడం నేర్చుకున్నాం, ఆపరేషన్ అవసరం రాకుండా చూడడం ఇంకా నేర్చుకోలేదు.

ఆరోగ్యశ్రీని వదులుకోవద్దు, దానితోనే సరిపెట్టుకోవద్దు. ఇంట్లో అందరి పేర్లు రేషన్ కార్డులో ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. వచ్చే గ్రామసభలో షుగర్, బీపీ గోలీలు ఊళ్లోనే ప్రతి నెలా ఇవ్వాలని నిలబడి అడగండి.