వానాకాలంలో హీటరు ఎందుకు?

పిల్లలూ, భేస్తాన్‌లో హీటరుతో పనేమిటని మీరు అడగవచ్చు. ఇక్కడ జనవరిలో కూడా పొద్దెక్కితే స్వెట్టరు విప్పేస్తాం. జమ్మూ నుంచో షిల్లాంగ్ నుంచో బదిలీపై వచ్చిన వాళ్లకు హీటరంటే చలికాలపు వస్తువు. సూరత్‌లో మాత్రం దాని విలువ వానల్లో తెలుస్తుంది.

జులైలో ఎనిమిదిమంది పిల్లలతో వ్యాన్ అద్దాలన్నీ మూసుకుని వెళ్తోందనుకోండి. అందరి ఊపిరిలోని తేమ, తడిసిన రెయిన్‌కోట్ల తేమ లోపలి గాలిలో చేరుతుంది. వాన బయటి నుంచి ముందు అద్దాన్ని చల్లబరుస్తుంది. చల్లని అద్దానికి తగిలిన ఆవిరి సన్నని నీటిబొట్లుగా పేరుకుంటుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పట్టేదీ ఇలాగే. ఎదుటి లారీ మసకగా కనిపిస్తుంటే డ్రైవరు ఒక చేత్తో గుడ్డతో అద్దం తుడుస్తూ, రెండో చేత్తో స్టీరింగు తిప్పాలి. సూరత్-నవసారి రోడ్డు మీద అది ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

ఆ మసకను పోగొట్టేది హీటరు బ్లోయరు. ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు ఇంజను వేడికి కాగుతాయి. వాటిలో కొంత డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటరు గుండా పోతుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. బ్లోయరు మోటారు తన పంకాతో గాలిని దాని మీదుగా తోసి అద్దం మీదికి పంపుతుంది. వెచ్చని గాలి ఎక్కువ తేమను పట్టగలదు కాబట్టి బొట్లు ఆరిపోతాయి. ఇందుకు వేరే పొయ్యి ఏదీ లేదు, ఇంజను పారేసే వేడే చాలు. మోటారు ఆగితే ఆ వేడి అద్దం దాకా రాదు.

పోయిన వానల్లో మన పిల్లలు వచ్చే ఒక వ్యాన్‌లో అదే జరిగింది. దాని మరమ్మతును మేమూ, తొమ్మిదో తరగతి పిల్లలిద్దరూ దగ్గరుండి చూశాం. మెకానిక్ మన తెలుగు అబ్బాయే. తెలంగాణ నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వైపు చాలా ఉన్నాయి, అతనిదీ అలాంటి కుటుంబమే.

“సార్, మోటారు మీదికి అప్పుడే పోవద్దు. ముందుగాల ఫ్యూజు చూద్దాం,” అన్నాడు. మాకు బాగా నచ్చిన మాట ఇది. ఫ్యూజు బాగానే ఉంది. తర్వాత స్విచ్చి అన్ని అంకెల మీదా తిప్పాడు. ఎక్కువ వేగంలో మాత్రమే గాలి వస్తే తప్పు సాధారణంగా మోటారుది కాదు, వేగాన్ని తగ్గించే రెసిస్టరుది. ఇక్కడ ఏ అంకె మీదా గాలి లేదు. మోటారు దగ్గరి ప్లగ్గుకు టెస్టు బల్బు పెడితే వెలిగింది. కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తడితే రెండు క్షణాలు తిరిగి ఆగింది. “కార్బన్ అరిగింది,” అని తేల్చాడు.

బ్యాటరీ మైనస్ తీగ విప్పాకే డాష్‌బోర్డు కిందికి దూరాడు. ప్లగ్గు లాగి, మూడు స్క్రూలు తీస్తే మోటారు చేతిలోకి వచ్చింది. పంకా రెక్కల మధ్య ఎండు వేపాకులు, దుమ్ము! కొత్తదాన్ని బిగించే ముందు బ్యాటరీకి నేరుగా కలిపి చూశాడు. ప్లస్, మైనస్ తారుమారైతే ఇలాంటి మోటారు వెనక్కి తిరుగుతుంది, గాలి బాగా తగ్గుతుంది. పంకా డబ్బాకు రాసుకోకుండా చేత్తో తిప్పి చూసి, అప్పుడు స్క్రూలు బిగించాడు. తీగ మళ్లీ కలిపి హీటరు వేస్తే, కాసేపటికి అద్దం అడుగు నుంచి పైకి తేటపడుతూ వచ్చింది.

పిల్లల్లో ఒకరు “మర నుంచే మరమ్మతు వచ్చిందా, సార్?” అని అడిగారు. మంచి ప్రశ్న. మర అంటే యంత్రం, మరమగ్గంలో ఉన్నది అదే. మరమ్మతు మాత్రం అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకు చేరింది. హిందీలోనూ, గుజరాతీలోనూ కొద్ది తేడాతో ఉంది. ఏ ఊరికి బదిలీ అయినా షెడ్డు ముందు ఆ ఒక్క మాటతో పని నడుస్తుంది.

అభ్యాసం: మీరు ఉండి వచ్చిన ఊళ్లలో పంకా రెక్కను ఏమంటారో అడిగి తెలుసుకోండి. తెలుగులో అది పక్షి రెక్క కూడా. హిందీ ‘పంఖా’లో ఏ మాట దాగి ఉందో కనిపెట్టి రాయండి.