మాజీ సైనికుల వైకల్య పింఛను: అప్పీలు, మళ్లీ వైద్య పరీక్ష

నిజామాబాద్, బోధన్ మాజీ సైనికులకు దారి చూపేది సైనిక సంక్షేమ కార్యాలయం. వివాదం వెళ్లేది సాయుధ దళాల ట్రైబ్యునల్ చెన్నై బెంచ్‌కు.

ట్రైబ్యునల్: చట్టం 2007, ప్రారంభం 2009 ఆగస్టు 8, ప్రధాన బెంచ్ ఢిల్లీ. సెక్షన్ 14 సర్వీసు వివాదాలు (పింఛను ఇందులోకే), 15 కోర్టు మార్షల్ అప్పీళ్లు. తికమకపడొద్దు.

పింఛనుకు వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. సేవ వల్ల వచ్చిందో, ముదిరిందో తేలాలి. ఆధారాలు చాలకపోతే కేసు మళ్లీ వైద్య బోర్డుకు వెళ్లొచ్చు.

బాగా గుర్తుంచుకోండి: ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, 2013. చేరేనాటి రికార్డులో లేని జబ్బు సేవ వల్లే వచ్చిందని భావించాలి. కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే. సైనికుడికి అసలైన అండ ఇదే.

పరీక్షలో అడిగే అవకాశం ఎక్కువ: రాజ్యాంగ అధికరణం 227(4) ప్రకారం ఈ ట్రైబ్యునల్‌పై హైకోర్టు పర్యవేక్షణ లేదు, కానీ 226 కింద రిట్ అధికారం ఉంది (పరశోతం దాస్ కేసు, 2023).