ఊరియా యిల్లు
(‘అంకుర్’ అను చలనచిత్రము నుండి ఒక పాఠము)

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు, యోహాను 8:1–11.



చలనచిత్రము పేరెత్తగానే, “ఇది సంఘ పత్రికలో వ్రాయదగిన సంగతియా?” అని మన పెద్దలలో కొందరు అడుగుదురు. మంచి ప్రశ్నయే. అయితే పరాయివాని భార్యను ఆశించిన రాజు కథను దేవుడు తన గ్రంథములో దాచిపెట్టలేదు. కాబట్టి మన ప్రాంతపు పల్లె కథగా తీయబడిన ఒక చిత్రమును ఆ వాక్యపు వెలుగులో పరిశీలించుట తప్పు కాదని తలంచుచున్నాము.

‘అంకుర్’ అనగా మొలక. హైదరాబాదు తిరుమలగిరిలో 1934లో జన్మించి 2024 డిసెంబరు 23న మరణించిన శ్యామ్ బెనెగల్ గారు తీసిన మొదటి కథాచిత్రమిది. 1974లో విడుదలైనది. నేడు నగరములో కలిసిపోయిన ఎల్లారెడ్డిగూడ అప్పట్లో పల్లె. అక్కడనే దీనిని తీసిరి. పాత్రలు మన దక్కనీ యాసలో మాటలాడుదురు. లక్ష్మిగా నటించిన షబానా ఆజ్మీ గారికిని, ఆమె భర్త కిష్టయ్యగా నటించిన సాధు మెహర్ గారికిని జాతీయ బహుమానములు లభించెను.

కథ యిది. సూర్య యొక భూస్వామి కుమారుడు. తండ్రి పరాయి స్త్రీని ఉంచుకొని, ఆమె కుమారునికి మంచి పొలము వ్రాసి యిచ్చెనని అతనికి మిక్కిలి కోపము. తండ్రి అతనికి చిన్న పిల్లను కట్టబెట్టి, ఆమె యింకను పుట్టింటనే యుండగా, పల్లెలోని పొలము చూచుకొమ్మని పంపును. అక్కడ ఇంటి పని చేయునది లక్ష్మి. ఆమె భర్త కిష్టయ్య కుమ్మరి. చెవిటివాడు, మూగవాడు, త్రాగుబోతు. సూర్య కులపు కట్టుబాటును లెక్కచేయక లక్ష్మి చేతి టీ త్రాగును, ఆమె వండినది తినును. చూచువారికి అతడు సంస్కర్తవలె కనబడును. కల్లు దొంగిలించెనని కిష్టయ్యకు గుండు గీయించి గాడిదపై ఊరేగించగా, అతడు సిగ్గుపడి ఊరు విడిచిపోవును. తరువాత సూర్య లక్ష్మిని చేరదీయును. ఆమె గర్భవతి కాగా, దానిని తీసివేయుమని అడుగును. ఆమె ఒప్పుకొనదు. ఇంతలో సూర్య భార్య కాపురమునకు వచ్చును. లక్ష్మికి ఆ యింటి పని పోవును, కూడును పోవును.

కొంతకాలమునకు కిష్టయ్య త్రాగుడు మాని తిరిగివచ్చి, భార్య గర్భవతియని చూచి సంతోషించి, పని యడుగుటకు దొర యింటికి వెళ్లును. సూర్య అతడు పగ తీర్చుకొన వచ్చుచున్నాడని భయపడి, పట్టించి కొరడాతో కొట్టును. లక్ష్మి పరుగెత్తివచ్చి భర్తకు అడ్డుపడి, సూర్యను శపించును. సూర్య ఇంటిలో దాగుకొనును. చివరకు ఒక చిన్న పిల్లవాడు ఆ యింటి కిటికీపై రాయి విసరి పారిపోవును.

ఇందులో మనము మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది: అధికారము గలవాని కోరిక. దావీదు మనుష్యులను పంపి బత్షెబను పిలిపించెను. రాజు పిలిచినప్పుడు రానని చెప్పగల స్త్రీ ఎవరు? లక్ష్మి తినెడి కూడు, ఉండెడి గుడిసె సూర్య చేతిలో నున్నవి. ఆమె మనస్సులో అతనిపై మమత యుండినను ఉండవచ్చును. అయితే కాదనుటకు ఆమెకు స్థలమెక్కడ? నాతాను ప్రవక్త దావీదును గద్దించుటకు గొప్ప మందలు గలవాడు పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను తీసికొనిన కథను చెప్పెను. అది మోహపు కథ మాత్రమే కాదు, దోపిడి కథ.

రెండవది: దాచవలెనను భయము. దావీదు మొదటి పాపము ఒక రాత్రిది. దానిని కప్పుటకు అతడు ఊరియాను పిలిపించి, ఇంటికి పొమ్మని, త్రాగించి, తుదకు యుద్ధములో చంపించెను. సూర్యను కొరడా పట్టించినది ద్వేషము కాదు, భయము. పని యడుగ వచ్చినవాడు అతనికి శత్రువుగా కనబడెను. తండ్రిని తప్పుపట్టినవాడే తండ్రి త్రోవను మించిపోయెను. దాచిన పాపము నిర్దోషియొక్క వీపు మీద బయలుపడును.

మూడవది: తీర్పు ఎవరిమీద? ఆ చిత్రములోనే భర్తను విడిచి మరియొకనితో పోయిన పేద స్త్రీని పంచాయతీకి ఈడ్చి, భర్త యొద్దకే పొమ్మందురు. దొర కుమారుని సంగతి మాత్రము ఏ పంచాయతీకిని రాదు. యోహాను 8వ అధ్యాయములో స్త్రీని ఒంటరిగా తెచ్చిరి. పురుషుడెక్కడ అని ఎవరును అడుగలేదు.

ఇప్పుడు మన సంగతి. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములో నేడు దొరల గడీలు లేవు. ఫ్యాక్టరీలున్నవి, కంట్రాక్టరులు, సూపర్వైజరులు ఉన్నారు. రేపు పని యున్నదో లేదో, రాత్రి డ్యూటీ ఎవరికో, హాజరు పడునో లేదో వారి నోటి మాటపై నున్నది. భర్త ఒక షిఫ్టు, భార్య ఒక షిఫ్టు; అద్దె గదిలో ఒకరి ముఖమొకరు చూచుకొనుట కరవు. ఇటువంటి చోట దయగా మొదలైనది ఉరిగా మారుట కష్టము కాదు.

“కోర్టు దీనిని నేరము కాదన్నది కదా” అని కొందరందురు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు 497వ సెక్షనును కొట్టివేసిన మాట నిజమే. ఆ సెక్షను భర్త అనుమతి లేక అతని భార్యతో పోయిన పురుషుని మాత్రమే శిక్షించెడిది. మోసపోయిన భార్యకు ఫిర్యాదు హక్కే లేకుండెను. భార్య భర్తకు ఆస్తి కాదని న్యాయమూర్తులు చెప్పిరి. అయినను వ్యభిచారము విడాకులకు కారణముగా నిలిచియే యున్నది. ఏడవ ఆజ్ఞయు నిలిచియే యున్నది.

పని పేరిట బలవంతపెట్టబడు సహోదరికి మరియొక చట్టమున్నదని తెలియవలెను. 2013 నాటి ఆ చట్టము చొప్పున పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతి చోట ఫిర్యాదులు వినుటకు అంతర్గత కమిటీ యుండవలెను. అంతకు తక్కువైన చోట జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకొనవచ్చును. సామాన్యముగా మూడు నెలలలోగా వ్రాతమూలముగా తెలుపవలెను. స్త్రీల కూడికలలో ఈ మాట చెప్పుడి.

సంఘ పెద్దలారా, ఇట్టి సంగతి మన చెవిని పడినప్పుడు ముందుగా ఆ స్త్రీ పేరు నలుగురిలో ఎత్తకుడి. ఎవరు బలవంతులు, ఎవరి కూడు ఎవరి చేతిలో నున్నది, దీనివలన ఎవరు దెబ్బ తినుచున్నారు అని విచారించుడి. బలవంతుడు మన కానుకల పెట్టెలో ఎక్కువ వేయువాడైనను, నాతానువలె అతని యింటికి పోయి ముఖాముఖిగా చెప్పుడి. పశ్చాత్తాపపడినవానికి త్రోవ మూయబడలేదు, దావీదుకు మూయబడలేదు. అయితే అతడు ఊరియా యింటికి చేసిన నష్టమును మరచుట పశ్చాత్తాపము కాదు. పెద్దలు నోరు మూసికొనిన ఊరిలో పిల్లలు రాళ్లు తీసికొందురు.

కూడికలో ఆలోచించుటకు:
1. ఊరియా నిర్దోషియని తెలిసియు యోవాబు ఎందుకు ఊరకుండెను? మనము ఎప్పుడు యోవాబులమగుదుము?
2. సూర్య భార్యకు, లక్ష్మికి, కిష్టయ్యకు – ఈ ముగ్గురికి మన సంఘములో చోటున్నదా?
3. షిఫ్టులవలన ఎడబడిన దంపతులకు మనము చేయగల సహాయమేమి?