పుస్తకం మన మాటలోకి వచ్చిన కథ

కుప్పం సంతలో మూడు భాషలు వినబడతాయి. ఒకరు తెలుగులో బేరం చేస్తారు. ఒకరు తమిళంలో అడుగుతారు. ఇంకొకరు కన్నడంలో జవాబు చెబుతారు. అయినా బేరం కుదురుతుంది. ఎందుకు? ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది కాబట్టి.

అదే సంతలోకి ఒక మనిషి వచ్చాడనుకోండి. ఎవరికీ తెలియని భాషలో ఉన్న కాగితం చూపించాడు. "డబ్బు కట్టండి. ఈ కాగితం తీసుకోండి. మీకు పుణ్యం వస్తుంది" అన్నాడు. అందులో ఏముందో తెలియకుండా కొంటామా?

సుమారు 500 ఏండ్ల కిందట యూరప్‌లో ఇలాంటిదే జరిగింది.

అర్థం కాని భాష

అప్పుడు అక్కడ క్రైస్తవుల పెద్ద గురువు పోపు. ఆయన రోమ్ నగరంలో ఉండేవాడు. గుడిలో పూజ, ప్రార్థన అంతా లాటిన్ భాషలో జరిగేది. పొలం దున్నేవాళ్ళకు, బట్టలు నేసేవాళ్ళకు ఆ భాష రాదు. మామూలు జనం భాషలో బైబిలు అక్కడక్కడా ఉన్నా, దాని ధర చాలా ఎక్కువ. గురువు ఏది చెబితే అదే నిజం.

రోమ్‌లో పెద్ద గుడి కట్టాలి. దానికి డబ్బు కావాలి. అందుకోసం జర్మనీలో పాపపరిహార పత్రాలు అమ్మారు. ఆ పత్రం కొంటే పాపానికి శిక్ష తగ్గుతుందని చెప్పారు. చనిపోయిన అమ్మానాన్నల పేరు మీద కూడా కొనవచ్చన్నారు. కన్నవాళ్ళ మీద ప్రేమ ఎవరికి ఉండదు? పేదవాళ్ళు కూడా కొన్నారు.

ఒక ఉపాధ్యాయుడి ప్రశ్న

జర్మనీలో విట్టెన్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడ మార్టిన్ లూథర్ అనే సన్యాసి పాఠాలు చెప్పేవాడు. ఈ అమ్మకం ఆయనకు తప్పు అనిపించింది. 1517లో 95 వాదనలు రాసి బయటపెట్టాడు. వాటిని అచ్చు వేశారు. కొద్ది రోజుల్లోనే ఊరూరా తెలిసిపోయింది.

1521లో ఆయన్ను రాజు ముందు నిలబెట్టారు. రాసింది తప్పని ఒప్పుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ప్రాణానికి ముప్పు వచ్చింది. ఒక చిన్న రాజు ఆయన్ను కోటలో దాచాడు. అక్కడ ఆయన ఊరికే కూర్చోలేదు. బైబిలులోని కొత్త నిబంధనను జనం మాట్లాడే జర్మన్ భాషలోకి మార్చాడు. అది 1522లో అచ్చయింది. ఆడపిల్లలకు కూడా బడులు పెట్టాలని 1524లో ఊరి పెద్దలకు రాశాడు.

ఈ మార్పునే మత సంస్కరణ ఉద్యమం అంటారు. సంస్కరణ అంటే ఉన్నదాన్ని సరిచేయడం.

ఒక తల్లి ఉత్తరం

అర్గులా ఫాన్ గ్రుంబాక్ అనే జర్మన్ స్త్రీ ఉండేది. నలుగురు బిడ్డల తల్లి. ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి జర్మన్ బైబిలు ఇచ్చాడు. ఆమె దాన్ని బాగా చదివింది.

1523లో ఒక యువకుడు లూథర్ మాటలు నమ్మాడని అతని విశ్వవిద్యాలయం వాళ్ళు పట్టుకున్నారు. బెదిరించి, తప్పయిందని చెప్పించారు. మగవాళ్ళెవరూ నోరు విప్పలేదు. అర్గులా ఆ పెద్దలకు ఉత్తరం రాసింది. ఆ కుర్రవాడి తప్పు బైబిలులో ఎక్కడుందో చూపించమంది. తనకు లాటిన్ రాదని, జర్మన్ భాషలోనే వాదిద్దామని అడిగింది.

ఆ పెద్దలు ఆమెకు జవాబు ఇవ్వలేదు. ఆమె భర్త కొలువు పోయింది. కానీ ఆమె ఉత్తరం అచ్చయింది. ఎంతోమంది చదివారు.

మన పక్కన కూడా ఇలాంటి స్త్రీ ఉంది. మదనపల్లెకు దగ్గర్లోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ. చిన్నప్పుడే భర్త పోయాడు. తల గొరిగించుకోమంటే ఆమె ఒప్పుకోలేదని చెబుతారు. దేవుడి కథలను తెలుగులో రాసింది. దేశం వేరు, మతం వేరు. కానీ ఇద్దరికీ అక్షరమే అండ.

అందరికీ న్యాయం జరిగిందా?

జరగలేదు. 1525లో జర్మనీ రైతులు దొరల మీద తిరగబడ్డారు. లూథర్ దొరల పక్షాన నిలిచాడు. వేలమంది రైతులు చనిపోయారు. క్రైస్తవులు రెండు పక్షాలై చాలా ఏండ్లు కొట్టుకున్నారు. ఆడవాళ్ళు బైబిలు చదవవచ్చు గాని, గుడిలో నిలబడి బోధించకూడదన్నారు.

రోమ్ పక్షం కూడా మారింది. పత్రాల అమ్మకాన్ని 1567లో పోపు ఆపించాడు. 1960ల తర్వాత కతోలికుల పూజ కూడా జనం భాషల్లోకి వచ్చింది.

తెలుగు అక్షరాలు అచ్చులోకి

ఎవరి భాషలో వాళ్ళు చదవాలన్న మాట మన దేశానికీ వచ్చింది. 1706లో జర్మనీ నుంచి లూథర్ బాట పట్టిన బోధకులు తమిళనాడులోని తరంగంబాడికి వచ్చారు. వాళ్ళ తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు. బైబిలును తెలుగులోకి మార్చాడు. జర్మనీకి తిరిగిపోయాక, 1746లో హాలె అనే ఊరిలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొదట అచ్చయిన పుస్తకాలు ఇవేనని పండితులు చెబుతారు.

మదనపల్లెలో

సంస్కరణ నుంచి పుట్టిన ఒక అమెరికా సంఘం ఆర్కాట్ మిషన్‌ను నడిపింది. ఆ మిషన్ వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చాడు. మందులు ఇచ్చాడు. తెలుగు బైబిలును సరిచేసే పనిలో చాలా ఏండ్లు ఉన్నాడు.

అప్పట్లో క్షయ రోగమంటే భయం. దానికోసం వేరువేరు క్రైస్తవ సంఘాలు కలిసి మదనపల్లెలో 1912లో ఆసుపత్రి మొదలుపెట్టాయి. 1915లో అది ఆరోగ్యవరానికి మారింది. మాటల్లో కలవని సంఘాలు రోగి మంచం దగ్గర కలిశాయి.

1947లో దక్షిణ దేశంలోని కొన్ని సంఘాలు ఒక్కటయ్యాయి. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 2013లో ఆ సంఘానికి మొదటి మహిళా బిషప్ వచ్చింది. ఆమె తెలుగు స్త్రీ, పుష్పలలిత. నంద్యాలలో బిషప్ అయింది. 1517 నుంచి లెక్కపెట్టండి. 496 ఏండ్లు పట్టింది!

మనకెందుకు ఈ కథ?

మనం ఏ మతం వాళ్ళమైనా కావచ్చు. కాగితం మాత్రం అందరి చేతికీ వస్తుంది. మదనపల్లె టమోటా మార్కెట్‌లో చీటీ ఇస్తారు. పుంగనూరులో ఆవును అప్పు మీద కొంటే పత్రం రాస్తారు. పొదుపు సంఘంలో తీర్మానం రాస్తారు. "చదివేదేముంది, వేలు పెట్టమ్మా" అని ఎవరైనా తొందర చేయవచ్చు. అప్పుడు "ఆగన్నా, చదువుతాను" అనండి. అర్థం కాని మాట ఉంటే అడగండి. అడగడం తప్పు కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. జనం పాపపరిహార పత్రాలు ఎందుకు కొన్నారు?
2. అర్గులా జర్మన్ భాషలోనే వాదిద్దామని ఎందుకు అడిగింది?
3. చదవకుండా మీరు ఎప్పుడైనా వేలిముద్ర వేశారా? ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుంది?
4. రేపు ఇంట్లోని ఒక చీటీ గాని, రశీదు గాని తీసుకురండి. అందరూ కలిసి గట్టిగా చదవండి.