పెరిగిన జింక, కరువైన బట్టమేక

మేఘనా,

బి.ఎడ్. ప్రాక్టీసు టీచింగులో నీ వంతుకు ఆవరణ వ్యవస్థలో జనాభా మార్పుల పాఠం వచ్చిందని, ఎక్కడ ఎత్తుకోవాలో తోచడం లేదని రాశావు. కెనడా కుందేళ్లు, వాటిని వేటాడే లింక్స్ పిల్లుల గ్రాఫు నీకు తెలిసిందే. కుందేళ్లు పెరిగితే పిల్లులు పెరగడం, తర్వాత రెండూ తగ్గడం, సుమారు పదేళ్లకోసారి ఇదంతా మళ్లీ జరగడం అందులో చక్కగా కనిపిస్తుంది. తగ్గిన ప్రతి జీవీ అంతరించిపోతున్నట్టు కాదని చెప్పడానికి అది పనికొస్తుంది. కానీ మన పిల్లలకు ముందు రోళ్లపాడు సంగతి చెప్పు.

ఇప్పటి నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో ఉన్న ఆ గడ్డినేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ప్రకటించిందే బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తున నిలబడి, పోతు అయితే పది కిలోలు దాటి తూగే పక్షి అది. 1980లలో వానాకాలం వస్తే అక్కడ పదుల సంఖ్యలో కనిపించేవి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఏళ్ల తరబడి అక్కడే ఉండి వాటిని గమనించారు. ఆ రోజుల్లో అదే చోట కృష్ణజింకలు కొద్దిగానే ఉండేవి. తర్వాత జింకలు వందలకు చేరాయి. బట్టమేక కంటపడడమే గగనమైపోయింది. నేల ఒకటే, కంచె ఒకటే, కాపాడే చట్టమూ ఒకటే. మరి ఒకటి పెరిగి ఇంకొకటి ఎందుకు తరిగింది? నీ పాఠమంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకో.

ఏ చోటైనా ఒక జీవి సంఖ్య మారేది నాలుగు దారుల్లోనే. పుట్టుక, చావు, రాక, పోక. ఈ నాలుగు మాటలూ బోర్డు మీద రాసి, ఒక్కొక్కదాని కింద జింకనూ పిట్టనూ పక్కపక్కన పెట్టించు.

పుట్టుక దగ్గరే తేడా తెలిసిపోతుంది. జింకకు చూలు ఆరు నెలలే. ఈతకు ఒక పిల్లే అయినా, ఏడాదిలో ఏ కాలంలోనైనా ఈనుతుంది. బట్టమేకకు కొన్నేళ్లు వస్తే గానీ గుడ్డు పెట్టే వయసు రాదు. పెట్టేదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. గూడంటూ ఉండదు. గడ్డి దుబ్బుల మధ్య వట్టి నేల మీద, మట్టిలో కలిసిపోయే రంగున్న ఆ ఒక్క గుడ్డును దాదాపు నాలుగు వారాలు పొదుగుతుంది. పశువుల మందో మనిషో దగ్గరికొస్తే తల్లి లేచి నడిచిపోతుంది. కాకికీ నక్కకూ ఊరకుక్కకూ ఆ కాసేపు చాలు.

చావు విషయానికొస్తే, ఈ పిట్టకు పెద్ద గండం కరెంటు తీగలు. దానికి పక్కలకు చూపు బాగా ఆనుతుంది గానీ ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. అంత బరువుతో ఎగురుతూ తీగ కనబడ్డాక తప్పుకోవడం దాని వల్ల కాదు.

రాకపోకల దగ్గర పిల్లలు తేలిగ్గా పొరబడతారు. బట్టమేకలు వానాకాలంలో గుడ్లు పెట్టడానికి చేరి, ఆ తర్వాత చెదిరిపోయేవి. వేసవిలో లెక్కపెట్టి, తగ్గిపోయాయని రాస్తే అది తప్పు లెక్క. ఏటా ఒకే నెలలో, ఒకే వేళకు లెక్కించాలనే నియమం అందుకే. నష్టం కంచె బయట కూడా జరిగింది. జొన్న, కొర్ర వేసే మెట్టచేలల్లో ఆ పిట్టకు పురుగులూ గింజలూ దొరికేవి. సాగునీరు వచ్చి పంటలు మారాయి, మందులు పెరిగాయి. కంచె లోపల పశువుల మేత ఆపడంతో గడ్డి ఏపుగా పెరిగింది. అది జింకకు కలిసొచ్చింది గానీ, విశాలమైన చోట దూరం చూసుకుంటూ తిరిగే బట్టమేకకు అంత దట్టమైన గడ్డి పనికిరాదు. పెరిగిన జింకలు చేల మీద పడితే నష్టపోయింది రైతు. ఆ రైతు కోపం న్యాయమైనదని కూడా క్లాసులో చెప్పు. అభయారణ్యం అనే మాటే గిట్టని ఊరి మధ్య ఏ పిట్టా బతకదు.

ఇక లెక్క చేత్తో చేయించు. బల్ల మీద 100 చింతగింజలు పోయించు. అవి 100 పిట్టలు, అందులో 50 ఆడవి, కాబట్టి 50 గుడ్లు. నక్కలూ కుక్కలూ పోగా పదే పెరిగి పెద్దవయ్యాయనుకో. ముసలివై, జబ్బుచేసి పది పోయాయి. సంఖ్య 100 దగ్గరే నిలిచింది. ఇప్పుడు తీగలకు తగిలి ఇంకో పది పోయాయను. 90 మిగిలాయి. మరుసటి ఏడు అదే దామాషాలో 81, ఆపై 73. ఏడో ఏటికి 48. ఇవి ఆట కోసం వేసుకున్న అంకెలే అని ముందే చెప్పు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జీవికి పెద్దపిట్టల చావులు కొంచెం పెరిగినా చాలునని గింజలు తీస్తున్న పిల్లలకే తెలిసిపోతుంది. స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు ఇవాళ దేశం మొత్తం మీద సుమారు 150 మాత్రమే. అవీ దాదాపుగా రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే. అక్కడ 2019 నుంచి గుడ్లు సేకరించి, పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు.

కాపాడడమంటే కంచె వేయడం ఒక్కటే కాదమ్మా. ఏ జీవి ఎంత వయసుకు, ఎన్ని పిల్లల్ని కంటుందో, ఏ కాలంలో ఎక్కడ తిరుగుతుందో తెలుసుకోకుండా చేసే మేలు ఒకదానికి అంది, ఇంకొకదానికి అందకుండా పోతుంది. ఈ పాఠం వల్ల పిల్లలకు అబ్బవలసిన జ్ఞానం ఇదే.

అందుకని పరీక్షలో నిర్వచనం రాయించి వదిలేయకు. మీ బడి దగ్గరి చెరువులో కొంగల్ని వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు పిల్లల చేత లెక్కపెట్టించు. తేదీ, వాన, చెరువులో నీటిమట్టం పక్కనే రాయించు. అంకె మారిన ప్రతిసారీ నాలుగు దారుల్లో ఏది కారణమో వాళ్లనే చెప్పమను. నువ్వు అక్కడి నుంచి వచ్చేసినా ఆ నోటుబుక్కు ఆగకుండా చూడమని ఆ బడి సైన్సు టీచరును అడుగు.

ఆశీస్సులతో,
నీ మేనత్త