బడిలోని బంతియాట: బాస్కెట్‌బాల్ శిక్షణాలయముల తీరు

మన గ్రామములలో కబడ్డీకిని వాలీబాలునకును గల ఆదరము బాస్కెట్‌బాల్ ఆటకు లేదు. ఉన్నత పాఠశాల ఆవరణలో రెండు ఇనుప స్తంభములు, తుప్పుపట్టిన రెండు వలయములు నిలిచియున్న ఊళ్లు కొన్ని కలవు గాని, ఆ స్తంభములకు త్రాడు కట్టి బట్టలారవేయుటయే తరచు కానవచ్చును. అట్టిచో పదమూడు, పదునాలుగేండ్ల పిల్లలను ఏరి, ఇల్లు విడిపించి, చదువును ఆటను ఒక్కచోట నేర్పు శిక్షణాలయములను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట ఎందులకని కొందరడుగవచ్చును. అట్టి శిక్షణాలయములకు కావలసిన పొడగరి పిల్లలు పల్లెలలోనే దొరకుచున్నారు. పిల్లవానిని పంపవచ్చునా, కూడదా అని తల్లిదండ్రులు సంప్రదించునది ఊరి పెద్దలనే.

ఈ ఆట పుట్టినదే విద్యాలయములో. 1891 డిసెంబరులో అమెరికా దేశమునందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలములో విద్యార్థులను ఇంటి కప్పు క్రిందనే ఆడించుటకై పండ్ల బుట్టలు రెండు తగిలించి, 13 నిబంధనలు వ్రాసి దీనిని ప్రారంభించెను. ఆనాడు బుట్ట తగిలించిన ఎత్తు 10 అడుగులు. నేటికిని అదియే ప్రమాణము.

విద్యతో ముడిపెట్టి ఆటగాండ్రను తయారుచేయు పద్ధతికి ఆస్ట్రేలియా మంచి ఉదాహరణము. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో ఆ దేశమునకు ఒక్క బంగారు పతకమైనను రాలేదు. దేశమంతట కలిగిన ఆ చింతకు ఫలితముగా 1981లో రాజధాని కాన్‌బెర్రాలో జాతీయ క్రీడా సంస్థ నెలకొల్పబడెను. మొదట చేపట్టిన 8 క్రీడలలో బాస్కెట్‌బాల్ ఒకటి. ఎన్నికైన బాలబాలికలకు బస, భోజనము, శిక్షణ సంస్థలో లభించెను. చదువు మాత్రము ఊరి పాఠశాలలలో సాగెను. డాంటే ఎక్సమ్ అను బాలుడు సమీపమున ఉన్న లేక్ జినిండెరా కళాశాలయను ప్రభుత్వ విద్యాలయములో చదువుకొనుచు, ఈ సంస్థలో ఆట నేర్చి, 2014లో అమెరికా వృత్తి క్రీడాకారుల ఎంపికలో 5వ స్థానమున నిలిచెను. ఆల్బరీ అను చిన్న పట్టణమునుండి వచ్చిన లారెన్ జాక్సన్ కూడ ఈ సంస్థలోనే తేలినది. ఇరువదేండ్లు నిండని బాలికలతో కూడిన ఆ సంస్థ జట్టు 1998-99లో పెద్దల జాతీయ పోటీని గెలుచుట ఆ దేశములో నేటికిని చెప్పుకొనదగిన విషయము.

మన దేశమునకు వచ్చునెడల, పంజాబు రాష్ట్రములోని బల్లోకే అను చిన్న గ్రామమును తలచుకొనవలయును. అచటి రైతు కుటుంబమున 1995లో పుట్టిన సత్నాం సింగ్ చిన్ననాటనే అసాధారణముగా ఎత్తు పెరిగెను. లూధియానాలోని బాస్కెట్‌బాల్ శిక్షణాలయమునకు అతనిని పంపిరి. 2010లో, అనగా 14వ ఏట, విద్యార్థి వేతనముపై మరికొందరు భారతీయ బాలబాలికలతోపాటు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున బ్రాడెంటన్ పట్టణములో గల ఐ.ఎం.జి. అకాడమీకి వెళ్లెను. అది పాఠశాలయు క్రీడా శిక్షణాలయమును కలిసియున్న సంస్థ. ఇంగ్లీషు సరిగా రాని ఆ బాలుడు ఐదేండ్లు అచట గడపెను. 2015లో డల్లాస్ జట్టు అతనిని 52వ ఎంపికగా తీసికొన్నది. భారతదేశమున పుట్టి అట్లు ఎన్నికైనవారిలో అతడే ప్రథముడు.

పత్రికలు ఆ రోజున ఆనందముతో వ్రాసినది ఇంతవరకే. గ్రామ పెద్దలు తక్కిన భాగమును కూడ తెలిసికొనవలయును. అమెరికాలో ఆటగాండ్రు సామాన్యముగా పాఠశాలనుండి కళాశాల జట్టునకు పోయి, అచట ఒకటి రెండేండ్లయినను ఆడి, పిమ్మట వృత్తిలో ప్రవేశింతురు. కళాశాలలో ఆడుటకు నిర్ణీతమైన పాఠ్యవిషయములలో నిర్ణీతమైన మార్కులు రావలెను. సత్నాంకు ఆ అర్హత సమకూరలేదు. కళాశాల మెట్టు తప్పిపోయినందున అతడు నేరుగా వృత్తి ఆటకు పోవలసివచ్చెను. డల్లాస్ అనుబంధ జట్టులో రెండు సంవత్సరములు ఆడినను ప్రధాన పోటీలో ఒక్క ఆటయైన ఆడు అవకాశము రాలేదు. 2020లో నిషిద్ధ పదార్థ పరీక్ష కారణముగ అతనిపై రెండేండ్ల నిషేధము విధింపబడెను. తరువాత అతడు కుస్తీ ప్రదర్శనల వృత్తిలో ప్రవేశించెను. ఇందు అతనిని తక్కువచేయుటకు ఏమియు లేదు. అంతదూరము పోయినవారే అరుదు. కాని మాతృభాషలో ఎనిమిదో తరగతి పాఠము చదువుకొను పిల్లవానిని పరభాషా పాఠశాలలో ప్రవేశపెట్టినప్పుడు, ఉదయసాయంకాలముల శిక్షణతో అలసిన ఆ బాలునికి చదువు ఎవరు, ఏ వేళ చెప్పుదురను ప్రశ్న ఆటకంటె చిన్నది కాదు. బలము పెరుగుటకని ఎవరైన ఇచ్చు పొడులు, గుళికలు వైద్యునికి చూపక మ్రింగరాదనియు ముందే నేర్పవలయును.

అమెరికా ప్రధాన పోటీకి ప్రపంచమంతటినుండి ఏటేట ఎన్నికగువారు 60 మందికి మించరు. కావున శిక్షణాలయమునకు పోవు నూరుగురిలో దాదాపు అందరును చివరకు చదువుమీదనో, మరియొక వృత్తిమీదనో బ్రతుకవలసినవారే. పిల్లవానిని కోరి వచ్చిన సంస్థను ఏ బోర్డు పరీక్షకు కూర్చుండబెట్టుదురో, కాలు విరిగినచో వైద్యవ్యయము ఎవరిదో, రెండేండ్ల తరువాత ఆటకు పనికిరాడని తేల్చినచో చదువు కొనసాగింతురో లేదో అడిగి, జవాబును వ్రాతపూర్వకముగ పుచ్చుకొనవలయును. బాలికల విషయములో వసతిగృహమున స్త్రీ పర్యవేక్షకురాలు రాత్రివేళ ఉండునో లేదో స్వయముగా పోయి చూచిరావలయును. ఈ మాటలు అడిగినంతమాత్రమున మంచి సంస్థ ఏదియు నొచ్చుకొనదు.

వయస్సు విషయము పంచాయతీకి మరింత దగ్గరిది. పాఠశాల క్రీడలు మన దేశమున 14, 17, 19 ఏండ్ల లోపు తరగతులుగా జరుగుచున్నవి. అంతర్జాతీయ పోటీలలోను ఇట్టి విభజనయే కలదు. బడిలో చేర్చునాడు అంచనాగా వేసిన తేదీయే పిల్లవాని పుట్టినరోజుగా స్థిరపడిపోవుట మనకు క్రొత్త కాదు. అట్టి తేదీ నిజమైన వయస్సుకంటె ఎక్కువ చూపినచో పిల్లవాడు పెద్దవారితో పోటీపడి నష్టపోవును. తక్కువ చూపినచో మోసగాడను నింద మోయవలసివచ్చును. కొన్ని క్రీడా సంఘములు మణికట్టు ఎముకను ఎక్స్‌రే తీసి వయస్సు పరీక్షించుచున్నవి. పుట్టిన 21 రోజులలోపల జననము నమోదు చేయించుట చట్టవిధి. 1969 చట్టమునకు జరిగిన సవరణ ననుసరించి, 2023 అక్టోబరు 1వ తేదీయు, ఆ పిదపయు పుట్టిన పిల్లలకు పాఠశాల ప్రవేశమునకు జనన ధ్రువపత్రమే ఆధారము. క్రీడాకారుని మొదటి పత్రము పంచాయతీ కార్యాలయములోనే తయారగుచున్నదన్నమాట.

ఒకే ఏటి పిల్లలలోను జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవానికంటె దాదాపు ఏడాది పెద్ద. ఎంపికలలో సంవత్సరారంభమున పుట్టినవారే అధికముగ నెగ్గుట అనేక దేశములలో గమనించిన సత్యము. అది నేర్పు కాదు, ముందుగా పెరిగిన శరీరము. ఆలస్యముగ పెరుగువానిని 13వ ఏట త్రోసివేసిన శిక్షకుడు 17వ ఏట వానినే వెదకుకొనవచ్చును. ఎత్తు పెరుగుచుండు వయస్సులో మోకాటిచిప్ప క్రింద నొప్పి తరచు వచ్చును. దానిని బద్ధకమని కోపపడక, కొన్నాళ్లు దూకుట తగ్గింపవలెను.

పిల్లలను ఇంత దూరము పంపకముందు ఊరిలోనే ఆడనిచ్చుట మేలు గదా. తెలంగాణములో హకీంపేటయందు 1993లో వెలసిన క్రీడా పాఠశాల 4వ తరగతిలోనే పిల్లలను చేర్చుకొను పద్ధతి పెట్టుకొన్నది. అట్టి ఎంపికలకు పోవు పిల్లలు పరుగు, దూకుడు ఊరిలోనే అలవరచుకొనవలసియున్నారు. బాస్కెట్‌బాల్ ఆటస్థలము 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అనగా పది సెంట్ల పైచిలుకు భూమి. చుట్టును రెండేసి మీటర్లు విడిచినను 15 సెంట్లు చాలును. అది ఒక పెద్ద కళ్లమంత. నూర్పిళ్లకు యంత్రములు వచ్చిన ఊళ్లలో సిమెంటు కళ్లములు కొన్ని ఏడాదిలో ఎక్కువ నెలలు ఖాళీగానే యున్నవి. చిన్న పిల్లలకై వలయమును 2.60 మీటర్ల ఎత్తున బిగించి, 5వ నంబరు బంతి ఇయ్యవలెను. పెద్దలకు వలయము 3.05 మీటర్లు. నేలపై క్రొత్తగా సిమెంటు పోసినప్పుడు ఆ మందముమేరకు వలయము ఎత్తు తగ్గిపోవును గనుక, పని ముగిసిన పిదప మరల కొలిచి సరిచేయించి, అటుపై గుత్తేదారునకు బిల్లు చెల్లింపవలయును.